మలుపు దగ్గర ‘మేరా’ అన్నదెవరు

…ఆ, వచ్చావా, కూర్చో. ఆ మలుపు సంగతే చెప్తున్నా. బావి దాటగానే వస్తది చూడు, అక్కడికి ఇప్పుడు ఒంటరిగా ఎవ్వరూ పోవట్లేదు. నవ్వకు. ఆ మలుపు రోడ్డు మీద లేదు… మన దీవిలోనే, జంగ్లీఘాట్‌లో చక్రి కంప్యూటర్లో ఉంది.

చక్రిది మొబైల్ రిపేర్ షాపు. సునామీకి కొట్టుకుపోయిన వాళ్ళ పాత బస్తీని, ముసలోళ్ళని అడిగి అడిగి, త్రీడీలో మళ్ళీ కట్టాడు. కళ్ళకి ఆ వీఆర్ డబ్బా తగిలించుకుంటే ఊళ్ళో నడిచినట్టే ఉంటది. పాత మిషన్, ఎండ వెలుగు చూపించేంత సత్తా లేదు — అందుకని ఆ ఊళ్ళో ఎప్పుడూ రాత్రే. దారి తప్పకుండా నేల మీద పచ్చ బాణం పెట్టాడు. తిన్నగా, కుడికి, ఎడమకి అని చెప్పడానికి “సీధా, దాయే, బాయే” అని తన గొంతే రికార్డు చేశాడు.

అంతా బానే ఉంది… ఆ మలుపు దాకా.

అక్కడ బాణం ఒడ్డు వైపు ఇళ్ళకి పోవాలి. పోదు. గిర్రున కొండ వైపు తిరుగుతది. చక్రి ఎంత సరిచేసినా అంతే. ఓ సాయంత్రం వాళ్ళ చెల్లి మంజు లోపలికెళ్ళి, డబ్బా పీకి పారేసింది.

“భయ్యా… లోపల ఎవరో ఉన్నారు.”

“నేనేనే. నా గొంతే అది.”

“నీది కాదు. బొంగురు గొంతు. ‘మేరా… మేరా…’ అంటున్నాడు.”

మేరా అంటే నాది అని కదా. తనని ‘నాదానివి’ అంటున్నాడనుకుని పిల్లకి జ్వరమొచ్చింది.

ఈ మాట బస్తీ అంతా పాకింది. “నీ ఊరికి టికెట్ లేదు, పైగా దెయ్యం ఫ్రీ అంట కదరా!” అని ఆటోవాళ్ళ ఎకసెక్కాలు. చక్రి ఊరిని చెరిపేద్దామనుకున్నాడు.

కానీ ఆ పాత ఊళ్ళోనే కాపురమున్న చిన్నమ్మి మామ్మకి మాటిచ్చాడు. ఆమె మొగుడు యర్రయ్య సునామీలోనే పోయాడు. మనిషి దొరకలేదు, ఇల్లు లేదు, ఫొటో కూడా మిగల్లేదు. నా గుమ్మం కాడికి ఒక్కపాలి తీసుకెళ్ళరా నాయినా, అంది. ఆమె అడిగింది అదొక్కటే.

“దెయ్యముందంట మామ్మా, వద్దులే.”

“నానే సగం దెయ్యాన్ని. పెట్రా.”

పెట్టాడు. భయమేసి ముందే సౌండు వైరు పీకేశాడు.

స్క్రీన్ మీద బావి… చీకటి… మలుపు. బాణం గిర్రున తిరిగింది.

మామ్మ ఆగిపోయింది. తల పక్కకి వంచి… ఏదో వింటోంది.

“మామ్మా… మేరా అంటున్నాడా?”

“మేరా కాదురా. మెరక.”

“మెరకంటే?”

“మెట్టరా. నీళ్ళు ఎక్కని చోటు.”

చక్రి తను పీకేసిన వైరు వంక చూశాడు. హిందీలో పెరిగినోడు, ఆ మాటే ఎప్పుడూ వినలేదు. తెలీని మాట తనెట్టా పెడతాడు?

గుమ్మం కనపడతానే ఉంది. మామ్మ బటన్ నొక్కి… మెల్లగా కొండ వైపే తిరిగింది. డబ్బా కింద నుంచి కన్నీళ్ళు గడ్డం మీదికి దిగాయి.

“ఇంటికెళ్ళవా మామ్మా?”

“మీ తాత ఎల్లనివ్వడురా. నీళ్ళొచ్చిన ఆ పొద్దూ ఇంతే. ఈ మలుపు కాడే నన్ను కొండకి తోసేసి, మా అత్తని ఎత్తుకొద్దామని ఆడు ఎనక్కెళ్ళాడు. ఇప్పుడూ అదే మాటంటన్నాడు.”

“ఏమని?”

“‘మెరకకి పోవే చిన్నమ్మీ, ఎనక్కి సూడకు. నానొచ్చేత్తాను.’”