మూడో వాక్యం

కొర్లయ్య పడవ సముద్రంలో పోయిన రోజు మధ్యాహ్నం, అతని అక్క ధనకుమారి ఎనిమిదో తరగతికి వ్యాసరచన చెబుతోంది. తరగతి గోడకు రేవుపలక ఉంది. గవ్వలపాలెంలో అది లేని గోడ లేదు. ఊళ్లోని పడవల క్షేమమంతా దాని మీద కనబడుతుంది. మూడు గంటలకు కొర్లయ్య పేరు పక్కన ‘సంకేతం ఆగింది, కంగారు అక్కర్లేదు’ అని వచ్చింది. ఆమె చూసింది. చూసి, పాఠం కొనసాగించింది. అలా అనడం రేవుదూతకు నేర్పింది ఆమే.

రేవుదూత మనిషి కాదు, పడవలను కనిపెట్టుకుని ఉండే యంత్రబుద్ధి. దాని చేతికింద ఇరవై పనిముట్లున్నాయి. ఏది ఎప్పుడు వాడాలో దానికి తనంతట తెలియదు. ఒక్కో పనిముట్టుకూ మనుషులు రాసిపెట్టిన వివరణే దానికి ఆధారం. అందుకే మత్స్యకారుల సొసైటీ ఆ రాతపనిని తెలుగు టీచరుకు అప్పగించింది.

‘గాలింపు’ అనే పనిముట్టుకు ఆమె మొదట రెండే వాక్యాలు రాసింది. ‘తప్పిపోయిన పడవ కోసం వెతుకుపిట్టలను పంపుతుంది. పడవలోని ఉనికిపెట్టె నుంచి సంకేతం ఆగినప్పుడు వాడాలి.’ వెతుకుపిట్టలంటే గుంపుగా ఎగిరే చిన్న యంత్రాలు. ఉనికిపెట్టె పడవ ఎక్కడుందో ఎప్పటికప్పుడు తెలిపేది. అయితే గవ్వలపాలెం జాలరికి మంచి చేపల తావు దొరికితే, పక్కవాళ్లకు తెలియకుండా ఉనికిపెట్టెను తనే ఆపుకుంటాడు. ఆపిన మరుక్షణం పిట్టలు వచ్చి మూగేవి. వాటి వెనకే పది పడవలు చేరేవి.

“అక్కా, నీ పిట్టలు మా సేపలకి దండోరా ఏస్తన్నాయే,” అన్నాడు కొర్లయ్య ఒకనాడు. “సదూకున్నదానివి, ఓ మంచి ముక్క రాసెయ్యి.”

ఆమె మూడో వాక్యం రాసింది. ‘తావు దాచుకోవడానికి జాలర్లు సంకేతాన్ని తామే ఆపుకుంటారు కాబట్టి, వాతావరణం బాగున్నప్పుడు పద్దెనిమిది గంటల వరకు దీన్ని వాడవద్దు.’ పది పాత సందర్భాలిచ్చి దూతను పరీక్షిస్తే పదింటికీ సరిగ్గా నడుచుకుంది. ఆ పదీ జాలర్ల ఫిర్యాదుల్లోంచి ఏరినవి. మునిగిన పడవ వాటిలో ఒక్కటీ లేదు. అది ఎవరికీ తట్టలేదు, ఆమెకు కూడా.

కొర్లయ్య కోసం పిట్టలు పద్దెనిమిది గంటల తరువాత వెళ్లాయి. నీళ్ల మీద తేలుతున్న వల బెండ్లు కొన్ని మాత్రం దొరికాయి.

పదకొండో రోజున ఆమె మూడో వాక్యాన్ని కొట్టేసింది. అంతలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా పెట్టే వేట నిషేధం వచ్చి పడవలన్నీ ఒడ్డుకెక్కాయి. ఇప్పుడు నిషేధం ఇంకా మూడు రోజులే ఉంది.

“ఆ ఖాళీలో ఏదోటి రాయండి టీచరుగారూ,” అన్నాడు సొసైటీ కార్యదర్శి వీరబాబు. “లేపోతే మళ్లీ పిట్టలొచ్చి పడతాయని మావోళ్లు పెట్టెలు ఒడ్డునే ఒదిలేసి ఎల్తారు.”

ఆమె కొర్లయ్య భార్య రత్నం దగ్గరికి వెళ్లింది. రత్నం వల బాగుచేస్తోంది. తలెత్తలేదు.

“ఆడు ఎల్లేటప్పుడు ఆపుతాడు వదినా. తిరిగొచ్చేటప్పుడు ఎప్పుడూ ఆపడు,” అంది. “మూడింటికంటే ఆడొచ్చేస్తా ఉండాల. పలకలో సూడగానే నాకు గుండె జారిపోయింది.”

“మరి ఎవరితోనూ అనలేదేం?”

“పలకేమో కంగారు లేదంటంది. నన్నెవరడిగేరు?”

ధనకుమారి ఆ సాయంత్రమే కొత్త వాక్యం రాసింది. ‘సంకేతం ఆగితే, ముందు ఆ పడవవాళ్ల ఇంటిని అడగాలి, వాళ్లు ఇది అలవాటు కాదంటే వెంటనే వాడాలి.’ ఈసారి పరీక్షలో మునిగిన పడవలను కూడా పెట్టింది. దూత ఒక్కటీ తప్పలేదు. ఇక ఇళ్లవాళ్లు ఒప్పుకోవడమే మిగిలింది.

మర్నాడు ఆడవాళ్లంతా ఎండుచేపల పాక దగ్గర కూడారు. ఆమె వాక్యం చదివి వినిపించింది.

“బాగానే ఉంది టీచరమ్మా,” అంది బంగారమ్మ. ఇద్దరు కొడుకులూ వేటకెళ్లే మనిషి. “ఇన్నాళ్లూ ఎవడైనా పోతే సముద్రం తీసుకుందనుకున్నాం. ఇకమీదట పెళ్లాం తప్పు సెప్పిందంటారు.”

“అలా ఎవరంటారు?”

“మా అత్తే అంటది,” అంది వెనకనుంచి ఒకామె. ఒకరిద్దరు నవ్వి ఊరుకున్నారు.

ధనకుమారి రత్నం వైపు చూసింది.

“నాకిప్పుడు అడిగేవోళ్లూ లేరు, సెప్పడానికి మనిషీ లేడు,” అంది రత్నం నెమ్మదిగా. “కానీ ఆ రోజు నన్నడిగుంటే, ఏమో, తావు దొరికుంటాదిలే అనేద్దునేమో వదినా. నువ్వు రాసినదానికి నిన్నెవరూ ఏమనలేదు. నేనన్నదానికి నన్ను బతకనిచ్చేవోరా?”

ధనకుమారి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

నిషేధం ముగిసిన తెల్లవారుజామున ముప్పై పడవలూ వేటకు వెళ్లాయి. వాటిలో పద్నాలుగు తమ ఉనికిపెట్టెలను ఎండుచేపల పాకలో వదిలి వెళ్లాయి. ఆ పద్నాలుగు పడవలూ రేవులో క్షేమంగా ఉన్నాయని పలక చూపిస్తోంది.

గాలింపు వివరణలో మూడో వాక్యం చోటు ఇంకా ఖాళీగానే ఉంది.