మీసం దిద్దిన వేలు

నూలు మిల్లు మొదటి షిఫ్టు కూత కూసేసరికి పీళమేడు వీధి సగం ఖాళీ అయింది. రెండో షిఫ్టు మనిషి కృష్ణరాజ్ మాత్రం కాఫీ ముట్టకుండా, తండ్రి కాళియప్పన్ పంచెలు సంచిలో కుక్కుతున్నాడు.

"ఏమిరా, నన్ను యాడికి పంపేవు?" అన్నాడు ముసలాయన.

"తిరుప్పూరుకి. నీ చిన్న కొడుకు జగన్నాథన్ దగ్గరికి. వాడు నేర్పిన పాటే కదా నిన్న పాడితివి!"

నిన్న చుట్టాల ముందు ముసలాయన నవ్వుతూ చెప్పాడు: పదమూడేళ్ళకే కృష్ణరాజ్ కాటుకతో మీసం దిద్దుకొని, మిల్లు డాక్టర్ని పదిహేనేళ్ళని నమ్మించి, తనంతట తానే పనిలో చేరాడని. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో పిల్లల్ని అలా దిద్దే పంపేవాళ్ళు. కానీ కృష్ణరాజ్ లెక్కలో తనకి దిద్దింది తండ్రే. తన బడి మాన్పించి తమ్ముణ్ణి చదివించింది తండ్రే. ముప్పై ఏళ్ళుగా కృష్ణరాజ్ ఆ మాట పట్టుకొనే బతికాడు. ప్రతి ఆదివారం తమ్ముడొచ్చి ముసలాయన చెవిలో ఏం ఊదుతున్నాడో ఇప్పుడు తెలిసింది. అన్న చదువు తిన్నది చాలక, దాని సాక్ష్యం కూడా చెరిపేస్తున్నాడు!

"దిద్దింది నీ వేలే నైనా! బీడీ కంపు ఇంకా నా ముక్కులో ఉండాది."

"అబద్ధం! అద్దం ముందర నువ్వే నిలబడితివి. కళ్ళారా చూస్తిని."

"అట్లా చెప్పమన్నది జగన్నాథనా?"

"వాడు నాతో తాయం పాచికలు ఆడేదానికి వస్తాడురా. ఓడిపోతే అలిగి పోతాడు. వాడికేం తెలుసు?"

వంటింట్లోంచి తల్లి రామాయి గరిటెతోనే వచ్చింది. కొడుకు చేతిలోని సంచి లాగేసింది.

"ఇద్దరూ నోళ్ళు ముయ్యండి. దిద్దింది నేను."

కొడుకు వైపు తిరిగింది.

"దూది దుమ్ము దగ్గుతో ఆయన రెండు నెలలు మంచంలో ఉండె. బీడీకి ఊపిరేదిరా? ఇంట్లో గింజ లేదు. నువ్వు బడికే పోతానని ఏడిస్తివి. చెంప మీద ఒకటేసి, తల గట్టిగా పట్టుకొని దిద్దితిని. ఆయన లేచినంక, వాడే పోయినాడని చెప్తిని."

"అంటే... నేను చూడలేదా?" అన్నాడు కాళియప్పన్, ఎవరినీ అడగనట్టు.

కృష్ణరాజ్ ఆ జ్ఞాపకంలో బీడీ కంపు కోసం వెతుక్కున్నాడు. చెవి పక్కన గాజుల చప్పుడు వినిపించింది. అది అప్పటిదో, అమ్మ చెప్పాక ఇప్పుడే పుట్టిందో తెలియలేదు.

"ఇన్నేళ్ళు నైనాని తిడతా ఉంటిని. ఎందుకు చెప్పలేదమ్మా?"

రామాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన మీద కోపమొచ్చినా నా చేతి కూడు తింటివి. నా మీదొస్తే యాడ తింటావురా?"

కృష్ణరాజ్ తండ్రి పక్కన నేల మీద కూలబడ్డాడు. 

"కూడు పెట్టమ్మా. ఇద్దరికీ."