బామ్మ మొరిగిన పెట్టె

కుక్కలతో కరిపించుకోవడం నా ఉద్యోగం. పోలీసు కుక్కల శిక్షణ కేంద్రంలో దొంగ వేషం ఎప్పుడూ నాదే. చేతికి దళసరి గోనె తొడుగు వేసుకుని పరిగెత్తుతాను, కుక్క ఎగిరి వచ్చి ఆ చేతిని పట్టుకుని వేలాడుతుంది. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె తమ్ముడు మాత్రం నవ్వలేదు. "బావా, నన్నూ అక్కడ చేర్పించవూ" అని నా ప్రాణం తోడేశాడు. చేర్పించాను.

వాడి కుక్క పేరు బామ్మ. ఎవరు ఎదురొచ్చినా సణుగుతుందని వాడే ఆ పేరు పెట్టాడు. కూలిన ఇళ్ల కింద మనుషుల్ని వెతకడం దాని పని. బతికున్న మనిషి వాసన తగిలితే నిలబడి మొరుగుతుంది. చనిపోయిన మనిషి వాసనైతే చప్పుడు చేయకుండా పడుకుంటుంది. దానికి వచ్చిన భాష అంతే. ఆ భాషలో అది ఎన్నడూ అబద్ధమాడలేదు.

శిక్షణ అంతా ఒక పాత గోదాములో జరుగుతుంది. మనిషి నిలబడగలిగేంత చెక్క పెట్టెలు గోడ పొడుగునా వరసగా ఉంటాయి. ఒక్కోదానికి ఒక తలుపు, పైన చేయి దూరేంత కన్నం. మాలో ఒకరు ఏదో ఒక పెట్టెలో దాక్కుంటారు. కుక్క సరిగ్గా ఆ పెట్టె దగ్గర మొరిగితే, లోపలివాడు కన్నంలోంచి తాడు కట్టిన రబ్బరు బంతి విసరాలి. ఆ బంతే దానికి జీతం. ఒక్కోసారి నన్నూ మా బావమరిదినీ పక్కపక్క పెట్టెల్లో నిలబెట్టేవారు. వాడు ఊరుకునేవాడా! చెక్కకి నోరు ఆనించి, "బావా, నిద్రపోయావా?" అని గుసగుసలాడేవాడు. నేను పక్కున నవ్వేవాణ్ణి. మాకు శిక్షణ ఇచ్చే మాస్టారి చేత చీవాట్లు మాత్రం నాకే పడేవి.

ఈమధ్య ఒక పెద్ద మేడ కూలింది. వాడూ బామ్మా లోపలికి వెళ్లారు. మిగిలిన గోడ కూడా వాళ్ల మీద కూలింది. బామ్మ మెడతాడు ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. వాడు రాలేదు.

మిగతా కుక్కలు తడిసిన సిమెంటు మీద తిరిగి తిరిగి అలిసిపోయాయి. ఏదీ మొరగలేదు. ఇక చీకటి పడేలోగా పెద్ద యంత్రాలు దింపి అంతా ఎత్తేస్తామన్నారు అక్కడి అధికారులు. యంత్రం దిగిందంటే కింద కొసప్రాణం ఉన్నా పోతుంది. బామ్మ మళ్లీ పనిచేస్తోందని మాస్టారు చెబితేనే ఆపుతారు. బామ్మేమో తిండి మానేసి మూలన పడి ఉంది. బెదిరిన కుక్కని గోదాములో పరీక్షించకుండా పంపకూడదన్నది మా నియమం. నేను బయల్దేరుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏమండీ, వాణ్ణి తీసుకురండి" అంది.

సాయంత్రమే అయినా వాన ముసురుకి గోదాము చీకటిగా ఉంది. కరెంటు లేదు. నేను మూడో పెట్టెలో దూరాను. మాస్టారు బయట గడియ వేశారు. లోపల పాత చెక్క వాసన, కుక్క చొంగ వాసన, నా చెమట వాసన. బంతిని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. తల్లీ, ఒక్కసారి మొరుగు... నీకు దండం పెడతాను, ఒక్కసారి.

బామ్మ గోళ్ల చప్పుడు వినిపించింది. మొదటి పెట్టె దాటింది. రెండో పెట్టె దగ్గర ఆగింది.

అప్పుడు నా పక్క చెక్క వెనక ఎవరో ఊపిరి పీల్చారు.

ఎలుక అనుకున్నాను. కాదు. అది మనిషి ఊపిరి. చాలా నెమ్మదిగా, గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టు... మళ్లీ పీల్చారు. తడి సిమెంటు వాసన గుప్పుమంది.

"బావా... నిద్రపోయావా?"

బామ్మ మొరిగింది. ఆగకుండా, సంతోషంగా, వాడు ఇంటికి వచ్చినప్పుడు మొరిగినట్టు మొరిగింది. పెట్టె కన్నంలోంచి ఏదో పడి నేల మీద ఎగిరింది. బామ్మ దాన్ని నోటితో అందుకున్న చప్పుడు.

బంతి నా గుప్పిట్లోనే ఉంది.

"ఏమయ్యా," అన్నారు మాస్టారు బయటినుంచి. "నువ్వు మూడులో కదా ఉన్నావు?"

"మూడులోనే ఉన్నానండీ."

"మరి బంతి వేసిందెవరు?"

ఆయన గడియ తీయగానే బయటపడ్డాను. రెండో పెట్టె తెరిచాం. ఖాళీ. బామ్మ నోట్లో బంతి మాత్రం మా బావమరిదిదే. తెగిన తాడుకి వాడు వేసిన ముడి నాకు తెలుసు. కూలిన మేడలోకి వెళ్లేటప్పుడు అది వాడి జేబులో ఉంది. దాని నిండా సిమెంటు బురద. దాని నోట్లోంచి తీసుకుంటే వెచ్చగా ఉంది.

"మాస్టారూ, ఫోన్ చెయ్యండి. వాడు బతికే ఉన్నాడు."

"ఖాళీ పెట్టె దగ్గర మొరిగితే కుక్క తప్పినట్టేనయ్యా. ఏమని చెప్పను వాళ్లకి?"

ఆయన కాళ్లు పట్టుకున్నాను. సిగ్గుపడలేదు. ఏడ్చాను, తిట్టాను, మళ్లీ పట్టుకున్నాను. చివరికి ఆయన వాకిట్లోకి వెళ్లి ఫోన్ చెవికి ఆనించారు. ఎవరూ ఎత్తడం లేదు. బామ్మ ఇంకా మొరుగుతూనే ఉంది. ఆ ఖాళీ పెట్టె లోపల ఎవరో వేళ్లతో తడుతున్నారు. టక్... టక్... నేను తలుపు పట్టుకుని చూస్తూనే ఉన్నాను, లోపల ఎవరూ లేరు.

టక్.

చాలాసేపటికి ఇంకొకటి.

తర్వాత లేదు.

బామ్మ మొరగడం ఆపేసింది. చెవులు వాల్చింది. ముందుకాళ్లు చాపి, గడ్డం నేలకి ఆనించి పడుకుంది.

"ఇదిగో, ఎత్తారయ్యా! ఏం చెప్పమంటావు?" అన్నారు మాస్టారు వాకిట్లోంచి. ఆయన బామ్మని చూడలేదు.

"మొరిగిందని చెప్పండి," అన్నాను.

యంత్రాలు ఆగాయి. బామ్మ మమ్మల్ని వెంటబెట్టుకుని శిథిలాల మీద సరాసరి ఒకచోటికి వెళ్లి పడుకుంది. అక్కడ చేతులతో తవ్వారు. మా పెట్టె అంత సందులో, కూలిన చెక్క బీరువాని ఆనుకుని నిలబడి ఉన్నాడు వాడు. ఒంట్లో వేడి ఇంకా పూర్తిగా పోలేదు. సాయంత్రం దాకా బతికే ఉన్నట్టున్నాడే అన్నాడు డాక్టరు. కుడిచేయి పైకి చాచి ఉంది. జేబులో బంతి లేదు. పూడ్చినప్పుడు వాడి మీద చివరి గుప్పెడు మట్టి వేసింది నేనే.

వాణ్ణి తీసుకొచ్చాను అన్నాను మా ఆవిడతో. ఆ బంతిని నా దగ్గరే దాచుకున్నాను.

బామ్మ మళ్లీ తింటోంది. ఆ రోజు తర్వాత ఈ సాయంత్రమే దాన్ని మళ్లీ గోదాములోకి తీసుకొచ్చాం. ఇవాళ ఎవరినీ దాచలేదు, ఊరికే తిప్పుదామనుకున్నాం. అది గొలుసు లాక్కుని రెండో పెట్టె దగ్గరికి పరిగెత్తింది.

పడుకుంటుందనుకున్నాను.

నిలబడి మొరిగింది. ఆగకుండా, సంతోషంగా. తర్వాత బంతి కోసం పైకి చూసింది. ఆ బంతి నా జేబులో ఉంది.

మాస్టారు కదల్లేదు. నేనూ కదల్లేదు. లోపల ఎవరో చెక్కని మెల్లగా తట్టారు.