సాంచాల షెడ్డు వెనుక పూచింది

సిరిసిల్లలో చీకటి పడితే మనుషులు తప్పించుకొని చుట్టు తిరిగిపోయే సందు ఒకటి ఉంది. దాని చివర మూతపడిన సాంచాల షెడ్డు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఎల్లేశం అనే కార్మికుడు రాత్రి డ్యూటీలో, నడుస్తున్న సాంచ ముందే గుండె ఆగి ఒరిగిపోయాడు. షెడ్డు ఆసామి సాంచాలను పాత ఇనుము కింద అమ్ముకొని, తలుపుకు తాళం వేసి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఏటా తొలకరి పడ్డాక షెడ్డు వెనుక పెరట్లో శవం కుళ్లిన వాసన పుడుతుంది... ఒక్క రాత్రి. తెల్లవారితే ఉండదు.

ఎల్లేశం దయ్యమై తిరుగుతున్నాడని సందు తీర్మానించింది.

కాదని తెలిసిన మనిషి ఒక్కతే — పక్కింటి జోహరా బీ. ఆ షెడ్డులోనే ఆమె ఏళ్ల తరబడి నూలు కండెలు చుట్టింది. కోరుట్లలోని పుట్టింటి నుంచి తెచ్చుకున్న జిమీకంద్, అంటే మన కంద, మొలకెత్తితే ఒక ముక్కను ఆ పెరట్లో పాతింది. కొన్నేళ్లకు, ఆకైనా రాకముందే, నేలను చీల్చుకొని పువ్వు వచ్చింది. తాంబాళమంత వెడల్పు, ముదురు వంకాయ రంగు, కుచ్చిళ్లు పోసినట్టు అంచు. ఈగలను పిలుచుకోవడానికి అది ఒక్క రాత్రి చచ్చిన పశువులా కంపు కొడుతుంది. షెడ్డు నడిచిన రోజుల్లో ఆ కంపును ఎవరూ పట్టించుకోలేదు. ఆ కంపులోనే కూర్చొని ఆమె తెల్లవార్లూ దాన్ని చూసేది. ఏడాదిలో తన సంబరం అదొక్కటేనని చెప్పిందట.

ఎల్లేశం పోయాక ఆ సంబరం ఆమెకు ఒక్కసారీ దక్కలేదు. ఒక ఏడు అక్కడ శవముందని సందువాళ్లు పలుగులతో తవ్వారు. మరుసటి ఏడు వాసన పుట్టిన చోట కాగే గంజి పోశారు. నిరుడు సున్నం. అది పువ్వని ఆమె ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

"పువ్వయితే జడల పెట్టుకో జోహరమ్మా, మేం గూడ జూస్తం" అన్నది ఎదురింటి బాలమణి. సందంతా నవ్వింది.

ఈ ఏడు ఆమె చెప్పడం మానుకుంది. మొగ్గ మీద గంప బోర్లించి దాచింది. అది విచ్చుకునే రాత్రి గంప తీసి, నల్ల బురఖా కప్పుకొని, దీపమైనా లేకుండా, కాపలా కూర్చుంది.

ఆ రాత్రే కరెంటు పోయింది.

సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతే ఆ ఊరిలో కమ్ముకునే నిశ్శబ్దం... అది విన్నవారికే తెలియాలి. డ్యూటీ ఆగిపోయి, బాలకిషన్ అనే కార్మికుడు ఇంటికి బయలుదేరాడు. చుట్టుదారి వాన నీటిలో మునిగి ఉంది. గత్యంతరం లేక ఈ సందులోకి వచ్చాడు. షెడ్డు పెరట్లోంచి అడ్డంగా నడిచి పోతే త్వరగా దాటవచ్చుననుకున్నాడు.

వాసన తగిలింది.

ముక్కు మూసుకొని నాలుగడుగులు వేశాడో లేదో... ఎదుట నేల మీది నుంచి ఒక నల్లని ఆకారం లేచింది. ముఖం లేదు. చేయి మాత్రం పైకి లేచింది... అరచేయి తెరుచుకుంది... వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి.

బాలకిషన్ ఆ సైగను గుర్తుపట్టాడు. సాంచాల రొదలో మాట వినబడదు. కార్మికులు సైగలతోనే మాట్లాడుకుంటారు. అది — సాంచ ఆపమనే సైగ. ఎల్లేశం ఒరిగిపోయే ముందు పక్క సాంచ మీదున్న బాలకిషన్‌కు చేసిన చివరి సైగ అదే. పోగు తెగిందనుకొని, ఆనాడు అతడు తీరికగా వెళ్లి ఆపాడు.

"ఎల్లేశన్నా... ఆపిన్నే... నేను ఆపిన్నే అన్నా..."

వెనుదిరగబోయాడు. కాలు జారి ముందుకే పడ్డాడు. పొట్ట కింద ఏదో మెత్తగా... వెచ్చగా... నలిగింది.

"హాయ్ అల్లా! నా పువ్వు!"

ముసుగు తొలగింది.

"జోహరమ్మా! నువ్వా? నోరు లేదా నీకు? ఆగురా అంటే ఆగకపోదునా!"

"నోరు దెరిస్తె సందంత సున్నం బట్టుకొని ఉరికొస్తది గదా బేటా! గందుకే సైగ జేసిన. సాంచాల మనిషివి, సైగ జూసి ఆగుతవనుకున్న. మీద వడ్తవనుకున్ననా?"

"గింత కంపు గొట్టేదానికి ఎవలన్న కాపలా గూసుంటరా?"

"మల్లెపువ్వయితే నీ అసొంటోళ్లే కూసుందురు. నేనెందుకు?"

చీకట్లో తడుముకుంటూ ముక్కలన్నీ ఒడిలోకి ఏరుకుంది. అతికించి చూసింది. నిలువలేదు.

"తప్పైంది పెద్దమ్మా. అచ్చే ఏడు నేను గూడ కాపలుంట."

"అచ్చే ఏడు..." అన్నది ఆమె. "ఏటేటా గదే అనుకుంట."

మరునాడు చీకటి పడగానే బాలకిషనే పరుగున వచ్చి ఆమె తలుపు తట్టాడు.

"పెద్దమ్మా, మల్ల వాసనొస్తుంది! ఇంకోటి పూసినట్టుంది — జల్ది రా!"

ఆమె చెప్పులైనా తొడుక్కోలేదు. దీపం పట్టుకొని పెరడంతా వెతికింది. ఆ ముఖంలో అంత వెలుగును తాను ఎన్నడూ చూడలేదని బాలకిషన్ చెప్పాడు.

నేల ఎక్కడా చీలలేదు. మొగ్గ లేదు. వాసన మాత్రం చిక్కగా ఉంది. దాని వెంట నడిచి నడిచి ఆమె తాళం వేసిన షెడ్డు తలుపు ముందు ఆగింది. చెక్కల సందుకు ముక్కు ఆనించింది... వాసన లోపలి నుంచే వస్తోంది.

ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"దీపం నువ్వు వట్టుకో కిషన్" అన్నది, గొంతు బాగా తగ్గించి. "ఇది పువ్వు కాదు."