బంద్ చేసిన కంప్యూటర్

శనివారం పొద్దున తొమ్మిదింటికి, కొండాపూర్‌లో టిఫిన్ సెంటరు మీద ఉన్న పార్థసారథి ఆఫీసుకు ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, గుమ్మం బయటే నిలబడిపోయింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక నోటుపుస్తకం. ఆయన అసిస్టెంటు స్టెల్లా రెండుసార్లు పిలిస్తే గానీ లోపలికి రాలేదు. వచ్చాక కూడా కుర్చీ అంచునే కూర్చుంది.

"నా పేరు మరియమ్మ సారూ. హైటెక్ సిటీల ఒక కంపెనీల హౌస్‌కీపింగ్ చేస్త. ఏందో పెద్ద ఫోల్డర్ నేను డిలీట్ చేసిన్నట. నిన్న బ్యాడ్జి గుంజుకున్నరు. సోమవారం పోలీసులకు రాసిస్తమంటున్నరు."

"చేశారా?" అని అడిగాడు పార్థసారథి.

"డిలీట్ అయితే కొట్టిన సారూ. కానీ నాది నేను కొట్టుకున్న."

పార్థసారథి టెలిఫోన్ శాఖలో ముప్ఫై ఏళ్ళు తీగ ఎక్కడ తెగిందో వెతికినవాడు. ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాక కూడా తన పని అదే అంటాడు. స్టెల్లా అంతకుముందు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఆయన అమాయకంగా అడిగే ప్రశ్నలు చివరికి ఎవరో ఒకరి మెడకు చుట్టుకోవడం రెండేళ్ళుగా చూస్తోంది కాబట్టి, ఆమెకు ఆయనంటే చెప్పలేనంత గురి.

"మొదటి నుంచి చెప్పండి మరియమ్మగారూ."

ఆ 'గారు' విని ఆవిడ ఒకసారి వెనక్కి చూసుకుంది, ఇంకెవరైనా వచ్చారేమోనని.

కంపెనీ వాళ్ళు హౌస్‌కీపింగ్ వాళ్ళలో పద్నాలుగు మందికి ప్రతి శనివారం కంప్యూటర్ పాఠాలు పెట్టారు. మౌస్ పట్టుకోవడం, టైపు కొట్టడం, ఫైలు సేవ్ చేయడం. పాసైతే డేటా ఎంట్రీ ఉద్యోగం. మూడు నెలల్లో పాసైంది మరియమ్మ ఒక్కతే. ఒకటో తారీఖున చీపురు వదిలి కుర్చీలో కూర్చోవాలి. నిన్న శుక్రవారం భోజనాల వేళ ట్రైనింగ్ గదిలో ఒక్కతీ సాధన చేసింది. రెండు లీవు లెటర్లు కొట్టి, తప్పులొచ్చాయని రెండూ డిలీట్ చేసింది. తర్వాత బాత్‌రూములు కడగడానికి వెళ్ళింది.

"వెళ్ళేముందు కంప్యూటర్ ఆపేశారా?"

"బంద్ చేసిన సారూ. దేవుని మీద ఒట్టు."

"ఇదిగో, మా కంప్యూటర్ కూడా ఒకసారి బంద్ చేసి చూపించండి."

ఆవిడ లేచి చేసి చూపించింది. స్క్రీన్ నల్లబడింది. పార్థసారథి వంగి బల్ల కిందికి చూశాడు.

"వాళ్ళు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారా?"

"పెట్టించుకున్నరు. డిలీట్ కొట్టినవా అంటే కొట్టిన అన్న. అబద్ధం ఎందుకు చెప్తం? ఆ నౌకరీ పోతే పాయె సారూ. దొంగ పని చేసిందని మా చర్చిల అంటే ఏం మొఖం పెట్టుకొని పోను?"

మేనేజరు రవికిరణ్ ఫోనులో మొదట విసుక్కున్నాడు. ఫోల్డర్ దొరకొచ్చునేమో అనేసరికి వెంటనే రమ్మన్నాడు. మరియమ్మ పేరు ఏమైనా పర్వాలేదు గానీ, సోమవారం క్లయింటుకు చూపించాల్సిన పని పోవడం మాత్రం ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు.

"మూడు నెలల పని సార్," అన్నాడు గాజు తలుపు తోస్తూ. "ప్రాజెక్టులో ముఖ్యమైన భాగం. డెమో కోసం ఈ ట్రైనింగ్ గది కంప్యూటర్లో పెట్టాం. ఆవిడ తెలియక ఏదో నొక్కింది. చదువురాని వాళ్ళకి ఇవన్నీ ఎందుకని నేను ముందే అన్నాను."

సిస్టమ్స్ చూసే ఆదర్శ్ లాగ్ తెరిచి చూపించాడు. మధ్యాహ్నం పన్నెండు యాభై ఎనిమిదికి మరియమ్మ లాగిన్. ఒంటిగంట ఇరవై రెండుకు ఫోల్డర్ మాయం. మధ్యలో వేరే ఎవరూ లాగిన్ కాలేదు. ఆ పాస్‌వర్డ్ ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు.

"మరి ఈవిడ లాగౌట్ అయినట్టు గానీ, షట్‌డౌన్ చేసినట్టు గానీ ఉందా?"

"లేదు సార్. డెమో మధ్యలో లాక్ పడొద్దని ఆటోమేటిక్ లాక్ కూడా నేనే తీసేసిన."

"ఆ రీసైకిల్ బిన్ ఒకసారి తెరవండి."

రెండు ఫైళ్ళు కనిపించాయి. రెండూ లీవు లెటర్లే. ఫోల్డర్ లేదు.

"మరియమ్మగారూ, ఈ బుట్ట ఎందుకు ఖాళీ చేయలేదు?"

"బుట్టల ఏసింది ఒక రోజు ఉంచాలె కదా సారూ. ఇంజినీర్లు పొద్దుగాల కాగితం పారేస్తరు, తెల్లారి ఉరికొచ్చి అడుగుతరు. ఇరవై ఏండ్ల సంది నేను ఏ బుట్టా ఆ రోజే పారబోయలే. ఇది గూడ బుట్టే అని మేడం చెప్పింది."

రవికిరణ్ పగలబడి నవ్వాడు. పార్థసారథి మాత్రం ఆదర్శ్ దగ్గర మొన్న ఆదివారం నాటి వైరస్ స్కాన్ జాబితా తీసుకుని, ఫోల్డర్ పేరున్న వరుస కింద గీత గీశాడు. సైజు పన్నెండు కేబీ. లీవు లెటర్లలో ఒకదాని సైజు కూడా స్టెల్లాను చూడమన్నాడు. పద్నాలుగు కేబీ. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్న స్టెల్లాకు ఏదో చురుక్కుమంది.

"ఈ పని ఇంకో చోట ఎక్కడా లేదా?" అని అడిగాడు పార్థసారథి.

"చేసిన మేడం ల్యాప్‌టాప్‌లో ఉండాలె సార్. కానీ స్లో అయితుందని బుధవారమే ఫార్మాట్ చేయమని ఇచ్చింది. అంతా తుడిచేసిన," అన్నాడు ఆదర్శ్.

పని చేసిన మనిషి, పాఠాలు చెప్పిన మనిషి ఒక్కరే. పేరు సంయుక్త. ముప్ఫై ఏళ్ళలోపు పిల్ల, కాకినాడ మాట, ఏడ్చినట్టున్న కళ్ళు. మరియమ్మ ఆమెను చూడగానే లేచి నిలబడింది.

"పాపం ఆవిడని ఏమీ అనకండి," అంది సంయుక్త. "తెలియక చేసిందండి. నా మూడు నెలల కష్టం పోయినా నేనేమీ అనట్లేదు."

"మీరు మంచి టీచరని ఈవిడ పొద్దున్నుంచీ చెబుతోంది. షట్‌డౌన్ చేయడం నేర్పారా?"

"ఆరో పాఠమండి అది. ఆవిడకి బాగా వచ్చు."

"మీ క్లాసు రిజిస్టరు ఒకసారి చూడొచ్చా?"

స్టెల్లా పేజీలన్నీ ఫోటోలు తీసింది. మరియమ్మ పేరుకు ఎదురుగా అన్ని పాఠాలకూ టిక్కులున్నాయి. ఆరో గడిలో మాత్రం సన్నని అక్షరాలతో 'మళ్ళీ చెప్పాలి' అని రాసి ఉంది.

పదకొండింటికి అందరినీ ట్రైనింగ్ గదిలోనే కూర్చోబెట్టాడు పార్థసారథి. మరియమ్మ తలుపు పక్క స్టూలు మీద కూర్చుంది.

"ఇక్కడ రెండు మాటలు ఎవరూ సరిగా వినలేదు," అని మొదలుపెట్టాడు. "మొదటిది 'డిలీట్ కొట్టిన'. నిజమే, కొట్టింది. కొట్టినవి బుట్టలో ఉన్నాయి. ఫోల్డర్ని కూడా ఈవిడే అలా కొట్టి ఉంటే అదీ బుట్టలోనే ఉండేది. లేదు. అంటే షిఫ్టు పట్టుకుని డిలీట్ నొక్కారు. అలా నొక్కితే బుట్టలో పడకుండా పోతుంది. ఆ కిటుకు ఈవిడ నోటుపుస్తకంలో లేదు."

"సరే, రెండోది?" అన్నాడు రవికిరణ్.

"'బంద్ చేసిన'. మరియమ్మగారూ, ఇప్పుడు బంద్ చేయండి."

ఆవిడ లేచి, స్క్రీన్ కింద ఉన్న బటన్ నొక్కింది. స్క్రీన్ నల్లబడింది. బల్ల కింద పెట్టెలో ఫ్యాను మాత్రం గుయ్యిమంటూనే ఉంది.

"టీవీ ఇలాగే బంద్ చేస్తాం కదా. ఈవిడ లెక్కలో కంప్యూటరంటే ఈ స్క్రీనే. లోపల ఈవిడ లాగిన్ తెరిచే ఉంది. ఆ బటన్ మళ్ళీ నొక్కితే చాలు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. కానీ నల్లటి స్క్రీన్ వెనక లాగిన్ తెరిచి ఉంటుందని ముందే తెలిసింది ఒక్కరికే. ఆరో పాఠం రోజున చూసి, 'మళ్ళీ చెప్పాలి' అని రాసుకుని, చెప్పకుండా వదిలేసినవారికి. ఇందాక నాతో 'బాగా వచ్చు' అన్నవారికి."

సంయుక్త బల్ల మీది టిష్యూ కాగితం ఒకటి లాగింది.

"నా పని నేనెందుకు తుడుచుకుంటానండీ?" అంది.

"పని ఉంటేగా? మూడు నెలల పని పన్నెండు కేబీ. ఈవిడ లీవు లెటరే పద్నాలుగు. వారం వారం అయిపోయిందని చెబుతూ వచ్చారు, సోమవారం తెరిస్తే ఏమీ ఉండదు. అందుకే ముందు ల్యాప్‌టాప్, తర్వాత ఫోల్డర్."

సంయుక్త భోరున ఏడ్చింది.

"నాకు రాలేదండి ఆ పని. రాదని చెబితే తీసేస్తారని భయమేసింది. ఆవిడకి హాని చేయాలనుకోలేదు. తెలియక చేసిందిలే అని వదిలేస్తారనుకున్నాను."

పార్థసారథికి కోపం వచ్చింది. స్టెల్లా ఆ గొంతు రెండేళ్ళలో వినలేదు.

"తెలియదు అనిపించుకోకూడదనేగా అమ్మా ఈవిడ మీ దగ్గర మూడు నెలలు నేర్చుకుంది! మీకు రాలేదని మీరు చెప్పలేకపోయారు. ఆవిడకు రాదని మాత్రం ఊరంతా నమ్మేలా చేశారు."

రవికిరణ్ గొంతు సవరించుకున్నాడు. క్లయింటు దాకా పోకుండా చూసుకుందామన్నాడు. సంయుక్తను వేరే ప్రాజెక్టుకు మారుస్తామన్నాడు. మరియమ్మను తిరిగి తీసుకుంటారట, హౌస్‌కీపింగ్‌లోకే. డేటా ఎంట్రీ ఇప్పుడు కుదరదు. శనివారం క్లాసు కూడా ఇక ఉండదు, ఇలాంటి రిస్క్ మళ్ళీ వద్దు. చెరువు మీద అలిగి కడుక్కోవడం మానేసినట్టు ఉంది ఆ న్యాయం. ఆ మాట స్టెల్లా పైకే అంది.

తప్పు మరియమ్మది కాదని కాగితం మీద రాసి ముద్ర వేసి ఇచ్చేదాకా పార్థసారథి కుర్చీలోంచి లేవలేదు. ఆయన సాధించగలిగింది అంతే. మరియమ్మ ఆ కాగితాన్ని వేలు పెట్టి చదువుకుని, నోటుపుస్తకంలో పెట్టుకుంది. తిరిగి ఇచ్చిన బ్యాడ్జి మెడలో వేసుకుంది.

"సారూ, మరి అసలు బంద్ ఎట్ల చేస్తరు?"

స్టెల్లా దగ్గరుండి చూపించింది. రెండు నొక్కులు. ఫ్యాను చప్పుడు తగ్గి, ఆగిపోయింది.

"గింతేనా మేడం?" అంది మరియమ్మ సంయుక్త వైపు తిరిగి. "గిది చెప్పనీకి ఒక్క నిమిషం గూడ పట్టలేదు కదా."

సంయుక్త కళ్ళు తుడుచుకుని వదిలేసిన టిష్యూ కాగితాలు నేల మీద ఉన్నాయి. మరియమ్మ వంగి వాటిని ఏరి, మూలనున్న బుట్టలో వేసింది. తర్వాత ఆ బుట్టను చేతిలోకి తీసుకుని తలుపు వైపు నడిచింది.

"అదేమిటి, ఒక రోజు ఉంచాలన్నారుగా?" అన్నాడు పార్థసారథి.

"ఇది అక్కర లేదు సారూ," అంది ఆవిడ. "దీన్ని ఇయ్యాల్నే పారబోస్త."