రెండో మోచెయ్యి

"దెబ్బ కుడి చేతికి తాకితే ఎడమ చెయ్యి ఎందుకు? ఆడిపిల్ల చెయ్యి పట్టుకునుడేనా నీ పని?"

యాకమ్మ అలా అరిచేసరికి, క్రైస్తవుల మిషన్ దవాఖానలో గాయాలకు కట్లు కట్టే డ్రెస్సర్ సాంసన్ స్టూలు మీంచి కింద పడబోయాడు. పక్కనే ఉన్న యాకమ్మ తల్లి ఎల్లక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

పిల్లకు కోపం రాదా మరి! ఆ ఏడు రైతుల సంగం దొర భూముల్ని పేదలకు పంచింది. పంట కళ్లానికి చేరగానే దొర మనుషులు బండ్లతో దిగుతారని జఫర్‌గఢ్ పక్కనున్న వాళ్ల పల్లెకంతా తెలుసు. కళ్లం కాపలాకు ఆడవాళ్లు రాళ్లు విసిరే వడిసెలలు పట్టారు. వాళ్లలో యాకమ్మ రాయి గురి తప్పిన రోజు లేదు. పది రోజుల కింద విసరబోతే మోచెయ్యి కలుక్కుమంది. కట్లు కట్టే పోశాలు తాత అటూ ఇటూ ఊపి చూసి, "బొక్కల్ని పట్టి ఉంచే పట్టీ తెగింది బిడ్డా, ఇగ ఇసురుడు బంద్" అన్నాడు. ముందు రోజు, కాపలా ఆడవాళ్లను నడిపే సంగం చంద్రమ్మ, "ఇరవై రోజులల్ల పంట కళ్లానికొస్తది. దవాఖాన్ల గూడ గిదే మాటంటే నీ వడిసెల ఇంకొకలకిస్త" అంది. ఆ రాత్రి యాకమ్మ అన్నం ముట్టలేదు.

ఇక్కడ దవాఖానలో సాంసన్ ఆమె కుడి చెయ్యి కొంచెం వంచి, మణికట్టును తన చంకలో బిగించి, మోచేతిని బయటి వైపు నుంచి లోపలికి నెట్టాడు. పట్టీ తెగితే తెరుచుకున్నట్టే లోపలి వైపు కీలు సందు తెరుచుకుంది. అతని మొహం వాడిపోయింది. అది చూసి, తన వడిసెల ఇంకొకరికి పోయినట్టే అనుకుంది యాకమ్మ. ఇంతలో ఎడమ చెయ్యి కూడా ఇమ్మన్నాడు! అందుకే ఆ అరుపు.

"ఎడమది మంచిగున్న చెయ్యి. దాంతోటి పోల్చకుంటే ఎట్ల తెలుస్తది? జర ఇయ్యి."

మూతి ముడుచుకుని ఇచ్చింది. మళ్లీ అదే పట్టు. ఈసారి మరీ దగ్గరగా వంగాడు. సబ్బు వాసన వచ్చింది. యాకమ్మ గోడ వైపు చూసింది, ఎందుకో గోడ కూడా ఎర్రగా కనిపించింది.

సాంసన్ ఒక్కసారిగా నవ్వాడు. "అవ్వా, నీ చెయ్యి గూడ ఇయ్యి!"

ఎల్లక్క చెయ్యి కూడా నెట్టి చూశాడు. "మీ ఇంట్ల అందరి కీళ్లు గింతే వదులు! రెండు చేతులు ఒక్క తీరుగనే తెరుచుకుంటున్నయ్, ఒక్క తీరుగనే గట్టిగ ఆగుతున్నయ్. పట్టీ తెగలే. పైన కండ బెణికింది, అంతే. తాత ఒక్క చెయ్యే చూసిండు."

"అంటే ఇసరొచ్చా?"

"ఇరవై రోజులు వడిసెల ముట్టకు. నాలుగు రోజులకోసారి మీ ఊరికొచ్చి చూస్త."

నాలుగు రోజులకని చెప్పినవాడు రెండు రోజులకే వచ్చాడు. తర్వాత దాదాపు రోజూ వచ్చాడు. రాని రోజు యాకమ్మ చేతికి లేని నొప్పి మనసుకు పుట్టింది.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే బండ్లు రానే వచ్చాయి. ముందు గుర్రం మీద, తలకు ఎర్ర రుమాలు చుట్టిన దొర జమేదారు. చంద్రమ్మ వెనక్కి తిరిగి, "యాకమ్మా, మొదటి రాయి నీదే" అంది. వడిసెల గిర్రున తిరిగింది. రుమాలు ఎగిరి బురదలో పడింది! వెనకే నలభై రాళ్లు లేచాయి. బండ్లు వచ్చిన దారినే పరుగు. ఒక్క గింజ కూడా కళ్లం దాటలేదు. ఊరంతా ఒకటే కేకలు!

సాంసన్ రొప్పుతూ వచ్చాడు. "నొప్పి ఉందా?"

యాకమ్మ ఎడమ చెయ్యి చాపింది. "గిది చూడు."

"దీనికేమైంది?"

"ఏం కాలే. ఆనాడు పట్టుకుంటే తిట్టిన గద. ఇప్పుడు తిట్ట."

సాంసన్ బిత్తరపోయి ఎల్లక్క వైపు చూశాడు.

"మీ దేవుడు మీకు, మా దేవుడు మాకు. కలిసి బతకనీకి మనుషులు సాలు. పట్టుకో బిడ్డా, మా చేతులు ఊకనే తెగయ్" అంది ఎల్లక్క.