ప్లగ్గు పీకే దెయ్యం

తాళాలక్క. యాభై రెండేళ్లు. ఏ తాళం వేసినా మూడుసార్లు లాగి చూస్తే గానీ అక్కడి నుంచి కదలదు. ఆ పేరు అందుకే వచ్చింది. ప్రసూతి వార్డులో నర్సు. పొద్దున ఐదింటికే డ్యూటీ.

ఆమె ఉండే అపార్ట్‌మెంట్ సెల్లారుకు చెడ్డపేరుంది. విన్నది విన్నట్టు చెబుతున్నా. రాత్రి పదకొండు దాటాక అక్కడ ఎవరైనా గొంతెత్తి ఒక్క మాట మాట్లాడితే చాలు... చివరి స్తంభం వెనక నుంచి ఓ ఆడగొంతు, "ఊఁ" అంటుందట.

అరవదు. ఏడవదు. పీక పిసకదు. ఊఁ కొడుతుంది, అంతే. ఎదురు చెప్పకుండా వినే ఆడది కావాలని జన్మంతా కోరుకున్న మగాళ్లే, తీరా దొరికేసరికి జ్వరాలు తెచ్చుకున్నారు.

సెక్రటరీగారు దెయ్యం నిఘా కమిటీ వేశారు. నలుగురు మగాళ్లు. అందులో తాళాలక్క భర్త ఒకడు. "ఆడవాళ్లు రాత్రిళ్లు కిందికి దిగకండి. మేమున్నాం!" అన్నారు.

తాళాలక్క ఎలక్ట్రిక్ కారు ఉండేది ఆ స్తంభం పక్కనే. రాత్రి ఛార్జింగ్‌కి పెట్టి పడుకుంటుంది. కమిటీ వేసినప్పటి నుంచి, తెల్లారేసరికి గోడ దగ్గర ప్లగ్గు ఊడిపోయి ఉంటోంది. బ్యాటరీ ఖాళీ. రెండుసార్లు డ్యూటీకి ఆలస్యమైంది. మూడోసారైతే ఉద్యోగం ఊడుతుందని మేట్రన్ మొహానే చెప్పేసింది.

కేబుల్‌ని కారుకి గొలుసుతో కట్టింది. తాళం వేసి మూడుసార్లు లాగింది. పొద్దున చూస్తే గొలుసు ఉంది... తాళం ఉంది... ప్లగ్గు మాత్రం కిందే ఉంది. ఆటో పట్టుకుని ఎలాగో టైముకి చేరింది.

"దెయ్యమేనే, సందేహం లేదు" అన్నాడు భర్త, ఆవలిస్తూ. "కమిటీని ఇంకో నెల పొడిగించాం."

ఆ రాత్రి తాళాలక్క అతనికంటే ముందే దిగింది. కారు వెనక సీట్లో పడుకుని, తెల్ల దుప్పటి నెత్తిదాకా కప్పుకుంది.

పదకొండు దాటింది. చప్పుడు లేదు.

తర్వాత చెప్పుల చప్పుడు. ఒకటి కాదు... నాలుగు జతలు. గోడ దగ్గర ఆగాయి.

టక్. ప్లగ్గు ఊడింది.

"ఫ్యాను పెట్టవయ్యా, దోమలు పీక్కు తింటున్నాయి." సెక్రటరీ గుసగుస.

"మా ఆవిడ మళ్లీ అడిగితే?" అదీ గుసగుసే, భర్త గొంతు.

"దెయ్యం మీద తోసెయ్. అదున్నది ఎందుకూ!"

తాళాలక్క మెల్లగా లేచింది. కారు తలుపు తెరిచింది. దుప్పటి తియ్యడం మర్చిపోయింది. ఒక్కటే అంది —

"ఊఁ."

నాలుగు జతల చెప్పులు మిగిలాయి. మనుషులు లేరు. ఫ్యాను ఒక్కటే, నాకేం తెలీదన్నట్టు అటూ ఇటూ తలాడిస్తోంది.

ఆమె ఫ్యాను పీకేసి, కేబుల్ పెట్టి, మూడుసార్లు లాగి చూసింది. "ఇన్నాళ్లూ దోమల కోసం నా ఉద్యోగానికి ఎసరు పెట్టారన్నమాట, వెధవలు!" అంది పైకే.

స్తంభం వెనక నుంచి...

"ఊఁ."

ఫ్యాను ఆగే ఉంది. సెల్లారులో ఇంకెవరూ లేరు.

తాళాలక్క స్తంభం వైపు తిరిగింది. ఇరవై ఏడేళ్ల కాపురంలో తన మాటకి ఊఁ కొట్టినవాళ్లు లేరు. దుప్పటి మడిచి కింద వేసుకుని, స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"అసలు మొదట ఏం జరిగిందంటే..."

పొద్దున ఐదుకి పది నిమిషాల ముందే వార్డులో ఉంది.

నెల తిరక్కముందే భర్త, "ఈ దెయ్యాల కొంపలో నేనుండలేను, ఇల్లు మారదాం" అన్నాడు. ఆమె అతని బట్టలు సర్ది, పెట్టెకి తాళం వేసి, మూడుసార్లు లాగి చూసి, చేతికిచ్చింది. తను అక్కడే ఉండిపోయింది.